పని హక్కా, ఖాతాలో నగదా? వామపక్షం దేనికి పట్టుబట్టాలి

మెట్టసేను:

2025 డిసెంబర్‌లో ఉపాధి హామీ చట్టాన్ని పక్కన పెట్టి పార్లమెంటు కొత్త చట్టం చేసింది. దాని పొడవాటి ఇంగ్లీషు పేరును కుదించి వీబీ-జీ రామ్ జీ అంటున్నారు. కాగితం మీద వంద రోజులు 125 అయ్యాయి. పాత చట్టంలో కూలి డబ్బు మొత్తం కేంద్రమే ఇచ్చేది. ఇప్పుడు మన లాంటి రాష్ట్రాల్లో ఖర్చులో 40 శాతం రాష్ట్రం నెత్తిన పడింది. ఏ రాష్ట్రానికి ఎంతో కేంద్రం ముందే గీత గీసేస్తుంది. విత్తే రోజుల్లో, కోతల రోజుల్లో కలిపి 60 రోజుల దాకా పని ఆపొచ్చు. అడిగిన వాడికి పని ఇచ్చి తీరాలన్న మాటకు ఇక బలం ఎక్కడుంది?

అప్పటి నుంచి మన ప్రగతిశీల మిత్రుల్లోనే ఒక వాదన గట్టిగా వినిపిస్తోంది. ఎలాగూ చట్టం చేజారింది, మట్టి పని కోసం కొట్లాడటం ఆపి మనిషికింత అని ఖాతాలో వేయమని అడుగుదాం అంటున్నారు. ఈ మాట కుడివైపు వాళ్లే అంటే నేను ఇంత తీవ్రంగా తీసుకోను. బర్కిలీలో పనిచేసిన ఆర్థికవేత్త ప్రణబ్ బర్ధన్ వామపక్ష దృష్టితోనే ఏళ్లుగా సార్వత్రిక కనీస ఆదాయాన్ని, అంటే అందరి ఖాతాలో ఇంత అని వేయడాన్ని సమర్థిస్తున్నారు. ఆర్థికవేత్తలే అయిన ప్రభాత్ పట్నాయక్, జయతీ ఘోష్, జీన్ డ్రెజ్ ఇంకో వైపు ఉన్నారు. వీళ్లలో ఎవరి చిత్తశుద్ధినీ శంకించలేం. అందుకే ఈ చర్చ పెడుతున్నాను.

నా మాట ముందే చెప్తాను. పనికీ, బియ్యానికీ బదులుగా నగదు ఇస్తామంటే వామపక్షం ఒప్పుకోకూడదు.

జార్ఖండ్ రాజధాని రాంచీ పక్కన నగ్రీ అనే బ్లాకులో (మన మండలం లాంటిది) ఏం జరిగిందో చూడండి. 2017 అక్టోబర్‌లో అక్కడ రేషన్ బియ్యం బదులు నగదు పద్ధతి పెట్టారు. అంతకుముందు కార్డు పట్టుకెళ్తే కిలో రూపాయికి ఇచ్చేవాళ్లు. కొత్త పద్ధతిలో సబ్సిడీ బ్యాంకు ఖాతాలో పడుతుంది. అది తీసుకుని అదే రేషన్ షాపుకు వెళ్లి కిలో 32 రూపాయలకు కొనుక్కోవాలి. డబ్బు పడిందా లేదా కనుక్కోవడానికి బ్యాంకుకు ఒకసారి, తీసుకోవడానికి ఇంకోసారి తిరగాలి. ఇంట్లో ముగ్గురికి ఖాతాలుంటే ఎవరి ఖాతాలో పడిందో ఎవరికీ తెలియదు. పడకపోతే అప్పు చేయాలి, లేదంటే ఆ నెల బియ్యం లేవు. డ్రెజ్‌తో కలిసి పనిచేసేవాళ్లు ఊళ్లు తిరిగి అడిగితే 97 శాతం కుటుంబాలు పాత పద్ధతే కావాలన్నాయి. 2018 ఫిబ్రవరిలో జనం నగ్రీ నుంచి రాంచీకి నడిచారు. ఆ ఏడాదిలోనే ప్రభుత్వం ఆ ప్రయోగం ఎత్తేసింది. ఆ ఊళ్ల వాళ్లు ఇంత స్పష్టంగా చెప్పాక మనం వాళ్ల తరఫున నగదు అడగడం నాకు అర్థం కాదు.

గోదారిగట్టు:

మెట్టసేను గారూ, నగ్రీలో దెబ్బతిన్నది నగదు ఆలోచనా, బ్యాంకు ఏర్పాటా? ఖాతా దగ్గర వచ్చిన చిక్కులన్నీ ఉపాధి కూలీకీ ఉన్నాయి. 2024 జనవరి 1 నుంచి కూలి డబ్బుకు ఆధార్ ఆధారిత చెల్లింపు తప్పనిసరి చేశారు. ఆధార్‌లో ఒక పేరు, జాబ్ కార్డులో ఇంకో పేరు ఉంటే అంతే సంగతులు. చేసిన పనికి కూలి రాని వాళ్లను నేను చూశాను. మరి దాన్ని బట్టి పని హక్కు పనికిరాదని మీరు అంటారా?

మధ్యప్రదేశ్‌లో జరిగింది కూడా చెప్పాలి. 2011, 2012లో 'సేవా' అనే శ్రామిక మహిళల సంఘం యూనిసెఫ్ డబ్బుతో కొన్ని ఊళ్లలో ప్రతి మనిషికీ షరతు లేకుండా నగదు ఇచ్చింది. ఆర్థికవేత్త గై స్టాండింగ్, 'సేవా' నాయకురాలు రెనానా జబ్వాలా దాని వెనక ఉన్నారు. పెద్దవాళ్లకు నెలకు 200 రూపాయలు, పిల్లల పేరున 100. తర్వాత 300, 150 చేశారు. చాలా చిన్న మొత్తం. అయినా పిల్లల తిండి మెరుగైంది, బడికి వెళ్లడం పెరిగింది, మేకలు, కోళ్లు కొనుక్కున్నారు, వడ్డీ వ్యాపారి దగ్గరికి పరుగు తగ్గింది. రేషన్ తీసేసి ఇచ్చింది కాదు, దానికి అదనంగా ఇచ్చారు.

ఇక పని సంగతి. మే నెలలో చెరువు పూడికతీత దగ్గరికి వెళ్లి ఒక పూట నిలబడండి. నేల రాయిలా ఉంటుంది. కూలి రోజుకు ఇంత అని బోర్డు మీద రాస్తారు కానీ చేతికి వచ్చేది కొలతను బట్టి. గుంపు తవ్విన గుంత పొడవు, వెడల్పు, లోతు కొలిచి, వచ్చిన మొత్తాన్ని అందరికీ పంచుతారు. అందుకే అరవై దాటిన మనిషినీ, బాలింతనూ గుంపులో కలుపుకోవడానికి మిగతావాళ్లు వెనకాడతారు. వాళ్ల తప్పు కాదది, వాళ్ల కూలి తెగుతుంది మరి. మా మేనత్త మోకాళ్ల నొప్పులతో రెండేళ్లు అలాగే గంప మోసింది. పింఛను మొదలయ్యాక మానేసింది. బర్ధన్ చెప్పేది ఇదే: చేతిలో కొంత నికరమైన డబ్బు ఉంటే ఒళ్లు గుల్లచేసే పనికీ, అవమానంగా ఉండే పనికీ వద్దు అనగలిగే శక్తి వస్తుంది. ఆడవాళ్లకు మరీను. ఆ శక్తిని వామపక్షం ఎందుకు చిన్నచూపు చూడాలి?

లెక్కల మాస్టారు:

ఇద్దరికీ కొన్ని అంకెలు గుర్తుచేస్తాను.

2017 జనవరి ఆర్థిక సర్వేలో అప్పటి ప్రధాన ఆర్థిక సలహాదారు అరవింద్ సుబ్రమణియన్ కనీస ఆదాయానికి వేసిన లెక్క మనిషికి ఏడాదికి 7,620 రూపాయలు. జనాభాలో 75 శాతానికి ఇస్తే జీడీపీలో 4.9 శాతం అవుతుందన్నారు. ఉపాధి హామీకి 2025-26లో కేటాయించింది 86,000 కోట్లు, జీడీపీలో పావు శాతం దగ్గర. నలుగురున్న ఇంటికి ఆ సర్వే లెక్కన ఏడాదికి 30,480. మన రెండు రాష్ట్రాల్లో 2025-26 కూలి రేటు 307 రూపాయలు, వంద రోజులకు 30,700. ధరలు వేరే సంవత్సరాలవి, నిజమే. పైగా వంద రోజులూ దొరికే కుటుంబాలు తక్కువ, సగటు సగం దగ్గరే ఆగుతుంది. అయినా ఆలోచించండి. ఇంతింత తేడా ఉన్న ఖర్చుల్లో పావు శాతాన్నే భరించలేమంటున్న ప్రభుత్వం, దాదాపు 5 శాతం నిజంగా ఖర్చు పెడుతుందా? ఆ సర్వే కూడా ఉన్న పథకాలకు బదులుగానే దీన్ని ముందుకు తెచ్చింది. మధ్యప్రదేశ్‌లో లాగా అదనంగా ఇస్తామని ఏ ఆర్థికమంత్రీ అనలేదు.

డబ్బు లేదన్న మాట మాత్రం నేను నమ్మను. వారసత్వ ఆస్తి మీద ఎస్టేట్ డ్యూటీ 1985లో ఎత్తేశారు. సంపద పన్ను 2015 బడ్జెట్‌లో పోయింది. 2019 సెప్టెంబర్‌లో కంపెనీల పన్ను 30 నుంచి 22 శాతానికి తగ్గించినప్పుడు ఏడాదికి 1.45 లక్షల కోట్లు వదులుకుంటున్నామని ప్రభుత్వమే చెప్పింది. ఆ ఒక్క సంతకం విలువ ఉపాధి హామీ మొత్తం బడ్జెట్ కంటే ఎక్కువ. పట్నాయక్, ఘోష్ అడుగుతున్నది కూడా పైనున్న ఒక్క శాతం మంది సంపద మీద 2 శాతం పన్ను, వారసత్వం మీద మూడో వంతు పన్ను. దానితో తిండి, పని, ఉచిత వైద్యం, ఉచిత చదువు, పింఛను, ఈ అయిదూ అందరికీ హక్కుగా ఇవ్వొచ్చంటారు.

కౌలు గొంతు:

నగదు మంచిదా చెడ్డదా అని మీరు మాట్లాడుతున్నారు. నగదు ఎవరి పేరున పడుతుందో ఎవరూ అడగలేదు. 2018 మేలో తెలంగాణలో రైతుబంధు వచ్చింది. ఎకరాకు పంటకు 4,000, తర్వాత 5,000. పట్టాదారు పాస్‌బుక్ ఉన్నవాడికి పడింది. దుక్కి దున్ని, ఎరువు వేసి, పురుగుమందు కొట్టిన కౌలు రైతుకు రూపాయి రాలేదు. హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్న భూయజమానికి ఎకరాల లెక్కన వచ్చింది. ఎన్ని ఎకరాలుంటే అంత. భూమి ఎవరి దగ్గర ఉందో ఆ లెక్క కదలకుండా నగదు పంచితే ఉన్నవాడికే పోతుంది. మా ఊళ్లో మూడెకరాలు కౌలుకు చేసే మనిషి, భార్యతో కలిసి ఎండాకాలం ఉపాధి పనికి పోయి కౌలు బాకీ కట్టాడు. జాబ్ కార్డుకు పట్టా అడగరు కాబట్టి అది అతనికి దక్కింది.

మెట్టసేను:

కౌలు గొంతు అన్నా, చివరి మాట నేను ఇంకాస్త ముందుకు తీసుకెళ్తాను. 2004 డిసెంబర్‌లో ఉపాధి బిల్లు పార్లమెంటుకు వచ్చినప్పుడు పేద కుటుంబాలకే అని రాసుంది. వామపక్షాలు, ప్రజాసంఘాలు గట్టిగా పట్టుబట్టి ఆ షరతు తీయించాయి. 2005లో చట్టం ఊళ్లో ఉండే ప్రతి కుటుంబానికీ వర్తించింది. పేదో కాదో తేల్చే జాబితా లేదు, నాయకుడి సంతకం అక్కర్లేదు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో పథకం మొదలైంది. కరువు సీమలో అది చిన్న సంగతి కాదు.

గోదారిగట్టు గారూ, మీ మేనత్త గారి విషయంలో మీతో నాకు పేచీ లేదు. ఆమెకు పింఛను రావాలి, అదీ సరిపడా రావాలి. నేను భయపడేది వేరు. ఉపాధి పని దగ్గర జనం కలుస్తారు. మస్టర్‌లో, అంటే హాజరు పట్టీలో, దొంగ పేరు రాస్తే పక్కనున్న మనిషికి తెలుస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో సామాజిక తనిఖీ నిలబడింది అందుకే. ఊరి యువత రికార్డులు పట్టుకుని ఇంటింటికీ తిరిగి, "నీ కార్డులో ఇరవై రోజులు రాశారు, నువ్వు నిజంగా వెళ్లావా?" అని అడిగేవాళ్లు. మండలంలో ప్రజావేదిక పెట్టి, అధికారుల ముందే ఆ కాగితాలు చదివేవాళ్లు. ఫీల్డ్ అసిస్టెంట్ కక్కిన డబ్బు మైకు ముందు లెక్కపెట్టిన సందర్భాలున్నాయి. ఎప్పుడూ నోరెత్తని దళిత స్త్రీలు అక్కడ నిలబడి మాట్లాడారు. ఖాతాలో నగదు పడటం ఆగితే ఎవరిని నిలదీస్తారు? ఎవరి ఫోనులో వాళ్లు మెసేజ్ కోసం చూసుకుంటారు. ఆపేసింది ఏ కంప్యూటరో తెలియదు.

ఇంకో మాట. పనికి బయట మార్కెట్ కూలీ మీద ప్రభావం ఉంది. ఉపాధి పని ఉన్న చోట ఆసామి కూలి పెంచక తప్పలేదు. విత్తేటప్పుడు, కోసేటప్పుడు పని ఆపే నిబంధన కొత్త చట్టంలో ఎందుకు పెట్టారో ఇక్కడే తెలుస్తుంది. కూలికి బేరమాడే అవకాశం ఉండే రోజులు సరిగ్గా అవే.

పాలమూరు నుంచి:

వలస పోయేవాళ్ల గురించి ఒక్క ముక్క. మా జిల్లా నుంచి తరాలుగా ముంబై, పుణె, హైదరాబాద్ కట్టడాల దగ్గరికి పోతున్నారు. ఉపాధి పని ఊళ్లోనే ఉంటుంది. పట్నంలో పని పోయిన మనిషికి అదీ లేదు, రేషన్ కార్డు ఊళ్లో ఉంటే బియ్యం కూడా కష్టమే. 2020 లాక్‌డౌన్‌లో నడుచుకుంటూ వచ్చినవాళ్లను అందరూ చూశారు. అప్పుడు చాలామంది వామపక్ష ఆర్థికవేత్తలే నగదు కూడా ఇవ్వాలని అడిగారు. డ్రెజ్ ఆ ఏడాదే పట్టణాలకు ఉపాధి పథకం ప్రతిపాదించారు. కాబట్టి ఆయన్ను ఒక వైపు కట్టేయకండి. 2017లో అరవై మంది ఆర్థికవేత్తలు ఆర్థికమంత్రికి ఉత్తరం రాసి పింఛను పెంచమన్నారు, బాలింతలకు చట్టప్రకారం రావాల్సింది పూర్తిగా ఇవ్వమన్నారు. అందులో ఆయనా ఉన్నారు. పింఛనంటే నగదే కదా.

గోదారిగట్టు:

ధన్యవాదాలు, నేను చెప్పాలనుకున్నది ఇదే. ఆ ఉత్తరం దేని గురించో తెలుసా? 60 నుంచి 79 ఏళ్ల వాళ్లకు వృద్ధాప్య పింఛనులో కేంద్రం వాటా నెలకు 200 రూపాయలు. ఇరవై ఏళ్ల కిందట ఎంతో ఇప్పటికీ అంతే. ఆంధ్రలో 2024 జూలై నుంచి 4,000 ఇస్తున్నారంటే దాదాపు మొత్తం రాష్ట్రం డబ్బే. ఒకటో తారీఖున సచివాలయం ఉద్యోగి ఇంటికొచ్చి చేతిలో పెడతాడు. మెట్టసేను గారూ, దాన్ని కూడా ఎవరిని నిలదీయాలో తెలియని నగదంటారా? ఒకటో తారీఖు దాటితే వీధంతా అడుగుతుంది, ఎన్నికల్లో పార్టీలు దాని మీదే లేస్తాయి, పడతాయి.

బ్రెజిల్‌లో 2003లో పేద కుటుంబాలకు నగదు ఇచ్చే బోల్సా ఫమీలియా పెట్టింది లూలా ప్రభుత్వం, అంటే వామపక్షమే. కార్డు ఎక్కువగా తల్లుల పేరున ఇచ్చారు. అక్కడి వామపక్షం దాన్ని తన విజయంగా చెప్పుకుంటుంది. ఇక్కడ మాత్రం ప్రజలకు నచ్చిన ప్రతి నగదు పథకాన్నీ ఎవరో ముఖ్యమంత్రి పేరున వదిలేసి, మనం దూరంగా నిలబడి అనుమానిస్తున్నాం.

లెక్కల మాస్టారు:

కర్ణాటక మాట కూడా చేర్చండి. 2023 జూలైలో రేషన్‌లో ఇవ్వాల్సిన అదనపు బియ్యం కేంద్రం రాష్ట్రానికి అమ్మనందుకు కిలోకు 34 రూపాయల చొప్పున నగదు ఇచ్చారు. 2025లో బియ్యమే ఇవ్వడం మొదలుపెట్టారు. సరుకు దొరకనప్పుడు నగదు, దొరికాక సరుకు. దానికి సిద్ధాంతం అడ్డు రాలేదు. వైద్యంలో మాత్రం నేను పూర్తిగా పట్నాయక్ వైపే. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక ప్రభుత్వ డబ్బు ప్రైవేటు ఆస్పత్రులకు వెళ్లింది. ఎందరి ప్రాణాలో నిలిచాయి, అది కాదనలేం. కానీ మండల ఆస్పత్రిలో డాక్టరు ఖాళీ ఆ డబ్బుతో నిండలేదు. మనిషికి ఎంత నగదు ఇచ్చినా లేని డాక్టర్ని కొనలేడు.

మెట్టసేను:

సరే, పింఛను, ప్రసూతి డబ్బు, వికలాంగుల భృతి, పని చేయలేని ప్రతి మనిషికీ నగదు, వీటికి నేనూ మీతోనే ఉన్నాను, ఎప్పుడూ ఉన్నాను. పని చేయగలిగిన మనిషికి పని హక్కు తీసేసి దాని బదులు ఇచ్చే నగదును మాత్రం ఒప్పుకోను. ఈ రెంటినీ ఒకే పేరుతో పిలిచి కనీస ఆదాయం అంటే, రేపు బడ్జెట్ కోతలో మొదట పోయేది పనే.

గోదారిగట్టు:

అక్కడే మీరు కొత్త చట్టాన్ని తక్కువ అంచనా వేస్తున్నారు. ఇప్పుడు 40 శాతం రాష్ట్రం పెట్టాలి. పింఛను కూడా రాష్ట్రం జేబులోంచే పోతోంది. నాలుగు వేల పింఛను ఇస్తున్న ప్రభుత్వం, ఉపాధి పనికి తన వాటా ఎక్కడినుంచి తెస్తుంది? పని అడిగే కూలీనీ, పింఛను తీసుకునే ఆమె అత్తనూ ఒకే ఖజానా ముందు ఎదురెదురుగా నిలబెట్టారు. పనా నగదా అని మనం వాదించుకుంటుంటే ఆ ఇద్దరిలో ఒకరికి కోత పడుతుంది. కూలి మొత్తం కేంద్రమే భరించాలి, పింఛనులో కేంద్రం వాటా 200 నుంచి పెంచాలి, మాస్టారు చెప్పిన పన్నులు మళ్లీ వేయాలి. ఈ మూడూ ఒకే కాగితం మీద రాసి వచ్చే గ్రామసభలో తీర్మానం పెట్టిద్దాం. ముసాయిదా నేను రాస్తాను. కౌలు గొంతు గారూ, కౌలు రైతు మాట ఎక్కడ చేర్చాలో మీరు చెప్పండి.