సూక్ష్మజీవుల ఫోటోల్లో ఆ రంగులు నిజమేనా?

నీటిచుక్క:
నాకు బొమ్మలు వేయడం పిచ్చి. కుంట నీళ్లలో ఉండేవాటిని చూసి వేద్దామని ఈమధ్య ఒక స్టూడెంట్ మైక్రోస్కోప్ కొన్నాను. నెట్‌లో చూస్తే నీలం, బంగారు రంగుల్లో మెరిసిపోతుంటాయి. నా దగ్గర మాత్రం అంతా బూడిద రంగే, అందులో ఏవో కదులుతుంటాయి. ఆ అందం జీవులదా, ఎడిటింగ్‌దా? ఎడిటింగ్‌దే అయితే ఇక చూసి వేయడం ఎందుకు?

ల్యాబ్‌కోటు:
మైక్రోబయాలజీ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. ఏ ఫోటో అన్నదాన్ని బట్టి ఉంటుందండీ. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో తీసినవైతే రంగు పూర్తిగా మనుషులు వేసిందే. అక్కడ వచ్చేది నలుపు తెలుపు బొమ్మ. ఒకే బ్యాక్టీరియాకి ఒకరు గులాబీ రంగు వేస్తారు, ఇంకొకరు పచ్చరంగు. ఆకారం మాత్రం దాని సొంతం.

మీకు బూడిదగా కనిపించడానికి కారణం వేరు. ఈ జీవుల్లో చాలావాటి ఒళ్లు దాదాపు నీళ్లంత పారదర్శకం. కింది నుంచి నేరుగా లైటు కొడితే ఏమీ తేలదు. నల్ల చార్టు ముక్కని గుండ్రంగా కత్తిరించి, కండెన్సర్ (స్లయిడ్ కింద వెలుతురుని కూర్చే కటకం) కింద ఫిల్టర్ పెట్టే చోట సరిగ్గా మధ్యలో పెట్టండి. డయాఫ్రమ్ (వెలుతురుని పెంచి తగ్గించే రంధ్రం) మొత్తం తెరిచి 10ఎక్స్‌లో చూడండి. నేరుగా వచ్చే వెలుతురు ఆగిపోయి, జీవిని తాకి చెదిరిన వెలుతురే కంటికి చేరుతుంది. దీన్నే డార్క్‌ఫీల్డ్ అంటారు. బిళ్ల చిన్నదైతే వెనకంతా నల్లబడదు, మరీ పెద్దదైతే జీవీ కనబడదు, అందుకని రెండు మూడు సైజులు దగ్గర పెట్టుకోండి. 40ఎక్స్‌లో ఈ చిట్కా పెద్దగా పనిచేయదు.

డయాటమ్‌లు అనే ఏకకణ నాచు దొరికితే మాత్రం వదలొద్దు. బతికున్నప్పుడు బంగారు గోధుమ రంగులో ఉంటాయి, ఫ్యూకోజాంథిన్ అనే పిగ్మెంట్ వల్ల. చచ్చాక మిగిలేది సిలికా పెంకు. దాని నిండా వరసలు తీరిన సన్నటి రంధ్రాలు. వాటి దగ్గర వెలుతురు చెదిరి డార్క్‌ఫీల్డ్‌లో నీలం, ఆకుపచ్చ మెరుపులు వస్తాయి. ఆ పెంకులో ఏ రంగూ లేదు, ఎవరూ ఎడిటింగూ చేయలేదు!

నాకైతే అన్నిటికంటే వాల్వాక్స్ అనే నాచు ఇష్టం. దొర్లుకుంటూ పోయే పచ్చటి బంతి, దాని కడుపులో పిల్ల బంతులు. ఆ పిల్లలకి మొదట్లో కశాభాలు (ఈదడానికి వాడే సన్నటి తోకలు) లోపలివైపు ఉంటాయి. తర్వాత ఒక చిన్న రంధ్రంలోంచి బంతి మొత్తం, చొక్కా చెయ్యి తిరగేసినట్టు, తనంతట తానే తిరగబడుతుంది. అది కళ్లారా చూసినవాళ్లు ఎడిటింగ్ గురించి అడగరు.

కుంచెపట్టు:
"చూసి వేయడం ఎందుకు" అన్నారు కాబట్టి చెబుతున్నా. ఎర్న్‌స్ట్ హెకెల్ అనే జర్మన్ జీవశాస్త్రవేత్త రేడియోలేరియన్లని (సముద్రంలో ఉండే ఏకకణ జీవుల్ని) వేసినప్పుడు ఉన్నదానికంటే తీర్చిదిద్ది, మరీ సిమెట్రీగా వేశాడని విమర్శ ఉంది. అయినా 1900 పారిస్ ప్రదర్శనకి ఆర్కిటెక్ట్ రెనే బినే కట్టిన ప్రధాన ద్వారానికి ప్రేరణ ఆ జీవుల ఆకారాలే. తీర్చిదిద్దితే తప్పేం లేదు, సైన్స్ బొమ్మ అని చెప్పుకోనంతవరకు.

ఎర్రకాలనీ:
సొంత రంగులున్న బ్యాక్టీరియాని మరిచిపోయారు. సెరేషియా ఎరుపు, క్రోమోబ్యాక్టీరియం ఊదా, మైక్రోకాకస్ ల్యూటియస్ పసుపు. పెన్సిలిన్ కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ వీటితోనే బొమ్మలు వేసేవాడు. వేసేటప్పుడు ఏమీ కనిపించదు, పెరిగాకే రంగు తేలుతుంది. పైగా ఒక్కోటి ఒక్కో వేగంతో పెరుగుతుంది కాబట్టి ఏది ముందు, ఏది తర్వాత అన్న లెక్క ఉండాలి. సెరేషియాకి ఇంకో పేచీ: 37 డిగ్రీల్లో పెడితే మామూలుగా ఎరుపు రాదు, పాలిపోయి ఊరుకుంటుంది. గది వేడిమిలో వదిలేయాలి. అమెరికన్ సొసైటీ ఫర్ మైక్రోబయాలజీ వాళ్లు 2015 నుంచి అగార్ (బ్యాక్టీరియాని పెంచే జెల్లీ) ఆర్ట్ పోటీ పెడుతున్నారు, చూడండి.

నీటిచుక్క:
నల్ల బిళ్ల పెట్టాను. అబ్బ! మరి ఇంట్లో అగార్ ప్లేట్ల మీద వేయొచ్చా?

ల్యాబ్‌కోటు:
వద్దండీ. సెరేషియా, క్రోమోబ్యాక్టీరియం రెండూ జబ్బు చేయగలవు, పైగా మీ ప్లేటు మీద మీరు పిలవనివి కూడా పెరుగుతాయి. ల్యాబ్ దొరికితే సరే. అప్పటిదాకా కుంట నీళ్లే వేయండి. ఫైన్ ఫోకస్ తిప్పుతూ ఒక్కో లోతులో కనిపించింది విడిగా గీసుకుని తర్వాత కలపండి, లేకపోతే వాల్వాక్స్ బంతిలా కాకుండా అట్టబిళ్లలా వస్తుంది.