అంగడిలో కథ చెప్తే అడుక్కున్నట్టా?

సరిహద్దు మనిషి:
మాది నాందేడ్ జిల్లాలో తెలంగాణకు ఆనుకుని ఉన్న తాలూకా. మొన్న అంగడిలో, ఊరూరూ తిరిగి కథలు చెప్పే బుడిగ జంగాలు కథ చెప్తుంటే పోలీసులు వచ్చి లేపేశారు. తంబూరా పట్టుకున్న పెద్దాయన ఏదో సర్దిచెప్పబోయాడు. గుమ్మెటలు (చిన్న డోళ్ళు) వాయించే వాళ్ళిద్దరూ మాత్రం అప్పటికే మూట కట్టేస్తున్నారు. వాళ్ళకిది కొత్త కాదని చూస్తేనే తెలుస్తోంది. "భీక్ మాంగడం బంద్" అని హవల్దారు ఒకటే మాట. దుప్పటి మీద పడ్డ పది రూపాయల నోట్లు ఏరుకునే టైం కూడా ఇవ్వలేదు. రోడ్డు మీద పాడి డబ్బు తీసుకోవడం నేరమా? తెలిసినవాళ్ళు చెప్పండి.

మిర్చి దుకాణం:
అన్నా, నేరం కాదనుకుందాం. నా షట్టర్ ముందే ఎందుకు? వారంలో నాకు గిరాకీ ఉండేది ఆ ఒక్క రోజే. జనం గుంపు కడితే హమాలీలు బస్తా దింపలేరు. ఇదివరకు గొంతుతో చెప్పేవాళ్ళు, ఇప్పుడు సౌండ్ బాక్సులు పెడుతున్నారు. నేను పన్ను కడతా, లైసెన్సు తీసుకుంటా. వాళ్ళను పక్కన మైదానంలోకి పొమ్మనండి, నాకే గొడవా లేదు.

కోర్టు మెట్లు:
హవల్దారు గాల్లో మాట్లాడలేదు. 1959 నాటి బొంబాయి భిక్షాటన నిరోధక చట్టం ఇంకా బతికే ఉంది. పాట, ఆట, జోస్యం, ప్రదర్శన వంటివి సాకుగా చూపి బహిరంగ స్థలంలో దానం తీసుకున్నా భిక్షాటనే అని అందులో స్పష్టంగా రాసి ఉంది. వారంట్ లేకుండా పట్టుకోవచ్చు. మొదటిసారికే ఏడాది నుంచి మూడేళ్ళ దాకా భిక్షుక గృహంలో పెట్టొచ్చు. 2018 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు ఈ చట్టంలో భిక్షాటనను నేరం చేసే సెక్షన్లను కొట్టేసింది కానీ, అది ఢిల్లీ వరకే. కాకపోతే, ఈ చట్టం మీ ప్రాంతానికి వర్తిస్తుందని నోటిఫికేషన్ ఉందో లేదో ముందు అడగండి. స్టేషన్లో ఆ కాగితం చూపించమన్న మనిషి ఇంతవరకు నాకు తగల్లేదు.

ఇక రెండో వైపు. ఫుట్‌పాత్ మీద వ్యాపారం రాజ్యాంగంలోని 19(1)(జి) కింద హక్కేనని, దానికి సహేతుకమైన ఆంక్షలు ఉండొచ్చని సుప్రీంకోర్టు 1989లో సోదాన్ సింగ్ కేసులో చెప్పింది. 2014 వీధి వ్యాపారుల చట్టమైతే సరుకు అమ్మేవాళ్ళతో ఆగలేదు, వీధిలో జనానికి సేవలు అందించేవాళ్ళనూ కలిపింది. కథ చెప్పడం సేవ కాదని ఎవరైనా వాదిస్తే నేను కోర్టులో వినాలనుకుంటున్నా!

మిర్చి దుకాణం:
వకీల్ సాబ్, నేను చెప్పిన బాక్సుల సంగతి వదిలేశారు.

కోర్టు మెట్లు:
అందులో మీదే న్యాయం. 2000 నాటి శబ్ద నియమాల ప్రకారం లౌడ్‌స్పీకర్‌కు రాతపూర్వక అనుమతి ఉండాల్సిందే. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా మామూలుగా కుదరదు. ఆస్పత్రికీ బడికీ వంద మీటర్ల లోపల అయితే పగలు కూడా కష్టమే. బాక్సు ఆపమనండి, మనిషిని లేపేయమనకండి.

టీచరమ్మ:
అందరూ కథలోళ్ళ గురించే మాట్లాడుతున్నారు. వీధుల్లో గారడీ ఆటలు ఆడే డోంబారీల్లో, తాడు మీద నడిచే ఎనిమిదేళ్ళ పిల్ల సంగతేంటి? ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలు బడిలో ఉండాలి. కళ అని పేరు పెట్టి చప్పట్లు కొడితే నేను ఒప్పుకోను. పెద్దవాళ్ళను ఆడనివ్వండి, పిల్లను దించండి. అది కూడా తల్లిదండ్రుల్ని జైల్లో పెట్టి కాదు.

జాతర బండి:
లోహా తాలూకాలో మాళేగావ్ ఖండోబా జాతరకు రండి. తమాషా అనే మరాఠీ జానపద నాటకానికి డేరాలు, లావణి పాట-ఆటకు స్టేజీ, అధికారుల సన్మానాలు. అక్కడ కళ, అంగడికొస్తే భీక్. 2018 జూలైలో ధూళే జిల్లా రాయిన్‌పాడాలో పిల్లల్ని ఎత్తుకెళ్ళేవాళ్ళన్న పుకారు నమ్మి, భిక్షకు వచ్చిన సంచార జాతి దావరీ గోసావీలను ఐదుగురిని జనం కొట్టి చంపారు. సంచారం చేసేవాళ్ళను దొంగల్లా చూసే అలవాటు పోలీసులకే లేదు, మనకూ ఉంది. అందుకే చేతిలో గుర్తింపు కార్డు ఉండాలంటాను.

సరిహద్దు మనిషి:
కార్డు దగ్గరే చిక్కు. 2014 చట్టంలో సర్టిఫికెట్ ఇచ్చేది ఊరి వెండింగ్ కమిటీ, అంటే వీధి వ్యాపారుల కమిటీ. కథలోళ్ళేమో పంటలు ఇంటికొచ్చాక బయల్దేరి ఊరూరూ తిరుగుతారు. ఇవాళ ధర్మాబాద్, ఎల్లుండి బిలోలీ, తర్వాత దెగ్లూర్. ఏ కమిటీ దగ్గర నిలబడాలి? ఈ పేట వాళ్ళు కాదు పొమ్మంటారు. అందుకే ఊరికో కార్డు కాకుండా జిల్లా మొత్తానికి ఒకే కార్డు కావాలి. మైదానం మాట నాకు నచ్చలేదు భాయీ, జనం లేని చోట కథ చెప్పి ఏం లాభం?

మిర్చి దుకాణం:
సరే, మధ్యాహ్నం మూడు తర్వాత మా లైన్లో బస్తాలు దిగడం అయిపోతుంది. అప్పుడు చెప్పుకోమనండి. బాక్సు లేకుండా.

కోర్టు మెట్లు:
ఆ మాట రాతలో ఇవ్వండి, దుకాణదారుల సంతకాలతో. కమిటీలో కనీసం నలభై శాతం వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండాలని చట్టం. వాళ్ళలో ఒకరి చేత ఆ అర్జీ కమిటీ ముందు పెట్టించండి. అర్జీ మరాఠీలో ఉండాలి.

టీచరమ్మ:
మరాఠీ నేను రాస్తా. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలతో ప్రదర్శన ఉండకూడదన్న షరతు కూడా పెడతా, ముందే చెప్తున్నా.

సరిహద్దు మనిషి:
పెట్టండి అక్కా. అయితే ఆ పిల్లను బడిలో చేర్చుకునేటప్పుడు స్థిర చిరునామా లేదని హెడ్ మాస్టర్లు వెనక్కి పంపకూడదని కూడా అందులోనే రాయండి.