మల్లెకి ఆకు దూయాలా, కొసలు కత్తిరిస్తే చాలా?

మేడమీద_మొక్కలు (హైదరాబాద్):
అందరికీ నమస్కారం. వారం రోజులుగా మా ఇంట్లో ఇదే గొడవ, అందుకే అడుగుతున్నాను. మా మేడ మీద పెద్ద సిమెంటు తొట్టిలో బొండుమల్లె ఉంది. మా అత్తయ్య ఏలూరు దగ్గర వాళ్ల ఊరి పెరట్లోంచి కొమ్మ తెచ్చి నాటారు, తొమ్మిదేళ్లయింది. ఏటా మాఘమాసం దాటకుండా ఒక్క ఆకు కూడా మిగలకుండా దూసేస్తారు. ఆకు దూయకపోతే పచ్చగా పెరగడమే తప్ప పూయదని ఆవిడ నమ్మకం. నిరుడు ఇంట్లో పెళ్లి పనుల్లో పడి ఆలస్యమైంది, ఉగాది దగ్గరపడ్డాక దూశాం. ఒక పక్క కొమ్మలన్నీ పుల్లల్లా ఎండిపోయాయి. వేసవి మొత్తానికి పట్టుమని పాతిక పూలు పూయలేదు, దేవుడికి కూడా కొనుక్కొచ్చాం. ఇప్పుడు శివరాత్రి వెళ్లి నాలుగు రోజులైంది. రేపు దూసేద్దాం అంటున్నారు అత్తయ్య. నేను వద్దు, కొసలు కత్తిరిద్దాం అంటున్నాను. ఆవిడ పెట్టుకున్న మొక్క, ఆవిడ మాట కాదనడం నాకూ కష్టంగానే ఉంది. కానీ ఆ ఊళ్లో ఇల్లు అమ్మేశారు, ఈ మొక్క పోతే మళ్లీ తెచ్చుకునే చోటు లేదు. నిజంగా టెన్షన్‌గా ఉంది. చేసి చూసినవాళ్లు చెప్పండి.

కత్తెర_చాలు:
దూయొద్దండీ. మల్లె పూసేది కొత్త చిగురు కొసన. కొస కత్తిరిస్తే కింది కణుపుల్లోంచి రెండు మూడు చిగుళ్లు వస్తాయి, ఒక్కో చిగురు చివర మొగ్గలు పడతాయి. దీనికి పాత ఆకులు ఊడబెరకాల్సిన పనేముంది? మొక్క అన్నం వండుకునేది ఆకుల్లోనే కదా, అన్నీ దూసేసి చిగురు వెయ్యమంటే అది దాచుకున్న తిండి మీద బతకాలి. పైగా చాలామంది ఆకు పట్టుకుని కిందికి లాగుతారు, దాంతో కణుపు దగ్గర తోలు కూడా చారలా ఊడి వస్తుంది. ఆ కణుపులోనే కదా చిగురు ఉండేది! నేను ఆరేళ్లుగా కటర్‌తో మూడో వంతు కత్తిరించి వదిలేస్తున్నాను, రోజూ పూలున్నాయి.

మైలవరం_ఆడపడుచు:
కత్తెర గారూ, రోజూ ఎన్ని పూలున్నాయో అది కూడా చెప్పండి. మాది మైలవరం, మా పుట్టింటివాళ్లకి ముప్పావు ఎకరం మల్లెతోట ఉండేది. కార్తీకం వెళ్లాక తోటకి నీళ్లు ఆపేసేవాళ్లు. నేల ఎండి ఆకు కాస్త వాడాక గొర్రెల మందని తోలేవాళ్లు, రెండు రోజుల్లో ఆకంతా మేసేసి ఉత్త పుల్లలు మిగిల్చేవి, వాటి పెంట తోటకే ఎరువయ్యేది. ఆ తర్వాత కత్తిరింపు, పాదులు తవ్వడం, ఎరువు, అప్పుడు గానీ మొదటి తడి పెట్టేవాళ్లు కాదు. ఆ తడితో తోట తోటంతా ఒక్కసారి మేలుకునేది. తెల్లారకముందే లేచి మొగ్గలు కోసేవాళ్లం, చేతులు సాయంత్రం దాకా వాసన వచ్చేవి. ఆకు దూయడంలో ఉన్న సంగతి అదే, పూత ఒక్కసారిగా పడుతుంది. కత్తిరించి వదిలేస్తే విడతలు విడతలుగా ఇవాళ నాలుగు, రేపు ఆరు. వాటితో మాల ఎప్పుడు కడతారు? ఆ పెద్దావిడ మాటలో తప్పేమీ లేదు, నిరుడు సమయం దాటిపోయింది, అంతే.

కత్తెర_చాలు:
తోట వేరు, తొట్టి వేరు అమ్మా. తోటలో వేరు ఎంత లోతుకైనా పోతుంది. మేడ మీద తొట్టిలో ఎక్కడికి పోతుంది, నాలుగు పక్కలా వేడెక్కిన సిమెంటు. ఇక ఇంటికి రోజూ నాలుగు పూలు చాలు, దేవుడికి రెండు, జడలోకి రెండు. ఒకేసారి రెండు వందలు పూసి నెలంతా ఊరుకుంటే నాకేం లాభం?

పెరటి_మాస్టారు:
ఇద్దరూ కాస్త ఆగండి. మొక్కలు గారూ, నిరుడు ఆకు దూశాక నీళ్లు ఎలా పోశారు? ఎన్నిసార్లు? కొమ్మలు ఎండిన పక్క మట్టి ఎలా ఉండింది?

మేడమీద_మొక్కలు (హైదరాబాద్):
మాస్టారూ, ఎండ ముదిరింది కదా అని పొద్దునా సాయంత్రం రెండు పూటలా పోశాను. మొక్క బోడిగా కనిపిస్తుంటే పాపం అనిపించి మామూలు కంటే ఎక్కువే పోశానేమో. ఎండిన కొమ్మ ఒకటి లాగితే సులువుగా ఊడి వచ్చింది, వేరు నల్లగా మెత్తగా ఉంది, మట్టి మురుగు వాసన వచ్చింది.

పెరటి_మాస్టారు:
అదీ సంగతి. ఆకులున్న మొక్క రోజూ నీళ్లు తాగి ఆవిరిగా వదిలేస్తుంది. ఆకులు లేని మొక్కకి ఆ దాహం ఉండదు. మీరు పోసినదంతా మట్టిలోనే నిలిచింది, గాలి ఆడక వేరు కుళ్లింది. మీరు ఎండకి చచ్చిపోయింది అనుకుంటున్నారు, నీళ్లలో మునిగి చచ్చిపోయింది. మల్లెకి ముఖ్యం ఆకు దూయడం కాదు, దాని ముందూ వెనకా నీళ్ల లెక్క. ముందు ఓ పది పదిహేను రోజులు నీళ్లు తగ్గించి మొక్కని నిద్రపుచ్చాలి. దూశాక చిగురు కనపడేదాకా వేలు రెండు కణుపులు మట్టిలో గుచ్చి, పొడిగా తగిలితేనే పోయాలి. మైలవరం అమ్మాయి చెప్పిన తోటలోనూ జరిగింది ఇదే, ముందు ఎండబెట్టారు, గొర్రెలు తర్వాత వచ్చాయి.

కత్తెర_చాలు:
ఒప్పుకుంటాను, కానీ ఒక్క మాట. నీళ్లే కారణమైతే ఒక పక్కే ఎందుకు పోయింది? అది పడమటి వైపా?

మేడమీద_మొక్కలు (హైదరాబాద్):
అవునండీ! పిట్టగోడ పడమటి పక్కే. మధ్యాహ్నం మూడింటికి ఆ గోడ మీద చెయ్యి పెట్టలేం.

కత్తెర_చాలు:
అదే నేను చెప్పేది. ఆకులే కొమ్మకి నీడ. ఉగాది ముందు పడమటెండకి బోడి కొమ్మ నిలబెడితే బెరడు మాడుతుంది. చలిలో గొర్రెలు మేసిన తోటకీ దీనికీ పోలికే లేదు.

పెరటి_మాస్టారు:
కాదనను. రెండూ కలిసే కొట్టి ఉంటాయి.

డాలస్_మల్లె:
నేను ఉండేది అమెరికాలో, డాలస్ దగ్గర. ఇక్కడ మూర మల్లెలు కొనుక్కుందామన్నా పక్క వీధిలో దొరకవు, అందుకే ఈ మొక్కంటే నాకు ప్రాణం. రాత్రి చలి 10 డిగ్రీల సెల్సియస్‌కి దిగిందంటే కుండీని గరాజ్‌లోకి తెస్తాను. అక్కడ వెలుతురు తక్కువ, నీళ్లు పదిహేను రోజులకోసారి ఓ గ్లాసు. నేను ముట్టుకోకుండానే ఆకులు సగం పైగా రాలిపోతాయి. మాకు ఇంచుమించు మార్చి మధ్యదాకా మంచు భయం ఉంటుంది, అది తీరాక బయట పెట్టి, కత్తిరించి, ఎరువేసి నీళ్లు మొదలుపెడతాను. మే నుంచి పూలు. అంటే మొక్కే విశ్రాంతి తీసుకుని ఆకు రాల్చుకుంటే దూయాల్సిన పని లేదు. హైదరాబాద్‌లో చలికి ఆకు రాలేంత ఇబ్బంది ఉండదు కాబట్టి మనవాళ్లు చేత్తో ఆ పని చేస్తున్నారేమో అనిపిస్తుంది నాకు. మా అమ్మ గుడివాడలో ఇప్పటికీ దూస్తుంది. మొన్న వీడియో కాల్‌లో చూపించింది, ఒళ్లో పళ్లెం పెట్టుకుని కూరాకు గిల్లినట్టు గిల్లుతోంది.

సన్నజాజి_తీగ:
మా జాజితీగకి కూడా ఇలాగే చెయ్యాలా? ఇప్పుడే చదివి కత్తెర పట్టుకున్నాను.

పెరటి_మాస్టారు:
కత్తెర కింద పెట్టండి. జాజి బాగా పూసేది వానాకాలంలో, దాని లెక్క వేరే. కాగడా అయితే చలికాలం పూత. ఏ మల్లె అన్నది తెలియకుండా చెయ్యి పెట్టకండి.

మైలవరం_ఆడపడుచు:
ఇంకో సంగతి ఎవరూ అనలేదు. పాత ఆకు అడుగున ఎర్రనల్లి ఉంటుంది, ఎండలు ముదిరాక అదే చిగురుకి ఎక్కుతుంది. ఆకు తిప్పి చూడండి, దుమ్ములాగా సన్నగా ఉండి, తెల్లకాగితం మీద దులిపితే నడుస్తుంది. ఆ ఆకులు దూసి చెత్తలో వేసెయ్యాలి, మొక్క మొదట్లో వెయ్యకూడదు. తొట్టి అయినా తోట అయినా ఇది మాత్రం ఒకటే.

మేడమీద_మొక్కలు (హైదరాబాద్):
తిప్పి చూశాను, తూర్పు పక్క ముదురాకుల కింద ఉన్నాయి. నాకు కంపరమెత్తింది. ఇంకోటి అడగాలి, కొసన ఉన్న లేతాకులు పసుపుగా ఉన్నాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. మేము పోసేది బోరు నీళ్లు.

పెరటి_మాస్టారు:
బోరు నీళ్లలో సున్నం ఎక్కువైతే మొక్కకి ఇనుము అందదు. లీటరు నీళ్లలో 5 గ్రాముల అన్నభేది (ఇనుము ఉండే ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పూట ఆకుల మీద కొట్టండి, వారానికోసారి, రెండు మూడు సార్లు. ఆకులన్నీ దూసేస్తే కొట్టడానికి ఏమీ ఉండదు కాబట్టి చిగురు వచ్చాకే మొదలుపెట్టండి. అన్నిటికంటే ముందు ఒక పని చెయ్యండి. కత్తిరించిన కొమ్మల్లో పెన్సిలు లావువి నాలుగు తీసుకుని, ఇసుక కలిపిన మట్టిలో చిన్న కుండీల్లో గుచ్చి నీడన పెట్టండి. ఊరి మొక్క ఒక్క తొట్టిలోనే ఉందన్న భయం అప్పుడు గానీ పోదు. వానలు మొదలయ్యాక ఇంకో నాలుగు గుచ్చండి, అప్పుడు ఇంకా బాగా పట్టుకుంటాయి.

మేడమీద_మొక్కలు (హైదరాబాద్):
ఇవాళ సాయంత్రం జరిగింది రాస్తున్నాను. మీ మాటలన్నీ అత్తయ్యకి చదివి వినిపించాను. గొర్రెల సంగతి వినగానే "నేను చెప్పలా" అన్నారు. వేరు కుళ్లిన సంగతి విని మాత్రం చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, నీళ్లు పోసింది నేనే కాబట్టి నాకు ఆ మౌనం ఇంకా కష్టంగా అనిపించింది. తర్వాత తనే పీట తెచ్చుకుని తొట్టి పక్కన కూర్చున్నారు. నిరుడు ఎండిన పక్క గోటితో బెరడు గీకి చూశాం, మూడు కొమ్మల్లో లోపల గోధుమ రంగు, వాటిని మొదలంటా తీసేశాం. నాలుగో దాంట్లో పచ్చగా తడిగా కనిపించింది. పడమటి వైపు ఆకు ఉంచి కొసలు మాత్రం కత్తిరించాం, నీడకి పాత నేతచీర ఒకటి కట్టాం. తూర్పు వైపు నల్లి పట్టిన ఆకులు అత్తయ్యే ఒక్కొక్కటి పైకెత్తి కాడ దగ్గర గిల్లారు, కిందికి లాగలేదు, కత్తెర గారూ మీకు ఇది చెప్పాలి, ఆవిడ ఎప్పుడూ అలాగే చేస్తారట. సగం అయ్యాక ఒక లోపలి కొమ్మ దగ్గర చెయ్యి ఆగింది. కొసన మూడు మొగ్గలు, మధ్యది వడ్లగింజంత, పక్కవి ఇంకా చిన్నవి. నేను కత్తెర దగ్గరికి తెస్తే చేత్తో అడ్డం పెట్టి "దీని జోలికి రాకు" అన్నారు. ఆ కొమ్మకి ఆకులన్నీ అలాగే ఉన్నాయి. నాలుగు పుల్లలు కుండీల్లో గుచ్చాం. వాటికి మాత్రం నీళ్లు చిలకరించాను, పెద్ద తొట్టికి పోయలేదు, మట్టి ఇంకా చల్లగానే ఉంది.

కత్తెర_చాలు:
పడమటి ఆకు ఉంచారు, సంతోషం. తూర్పు వైపు నల్లి కోసం దూశారు కాబట్టి దానికీ ఏమీ అనను. పూత కోసమైతే దూయక్కర్లేదన్న నా మాట మాత్రం నాదే.

మైలవరం_ఆడపడుచు:
చైత్ర పౌర్ణమి నాటికి తూర్పున ఎన్ని, పడమట ఎన్ని పూశాయో విడివిడిగా లెక్కపెట్టి రాయండి. అత్తయ్యగారి చేత మాల కట్టించి ఫోటో కూడా పెట్టండి.

మేడమీద_మొక్కలు (హైదరాబాద్):
తప్పకుండా పెడతాను. లెక్కపెట్టేది తనేనని అత్తయ్య ఇప్పుడే అన్నారు.