వరుఁడు మధుపర్కమును ద్రాగె వధువు చూడ

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య పైనే ఉంది. దాన్ని చివరి పాదంగా పెట్టి పద్యం పూరించాలి. నిన్న బట్టల కొట్టులో "మధుపర్కాలు ఎంతలో చూపించమంటారు?" అని అడిగారు. ఆ మాట చెవిన పడగానే ఈ పాదం తట్టింది. బట్టను తాగించే పూచీ మీది. ఆదివారం రాత్రి వరకు గడువు.

కొలిమిగట్టు:

తేనె పెరుఁగును నేతినిఁ దెచ్చి కలిపి
మామ యొసఁగిన గిన్నెను మంత్రవిధినిఁ
గరములం దెత్తి కన్నుల కద్దుకొనుచు
వరుఁడు మధుపర్కమును ద్రాగె వధువు సూడ.

ప్రథమ మీద పరుషం కాబట్టి (ప్రథమా విభక్తి మాట తర్వాత వచ్చిన 'చ' 'స' అవుతుంది) 'సూడ' అని దిద్దుకున్నాను. నిర్వాహకులు గమనించాలి. ఇక ఇందులో సమస్యేముంది? 'పర్కం' అంటే కలపడం. 'సంపర్కం'లో ఉన్న ధాతువూ అదే. తేనె కలిపిన పానీయం కనుక మధుపర్కం. అది ఇచ్చే వేళ పెట్టే బట్టలకు ఆ పేరు అంటుకుంది. చివరికి పానీయం పోయి పేరు బట్టలకే మిగిలింది.

తుంగభద్ర:
సమస్య లేదన్నవారే మూడో పాదంలో ఒకటి తెచ్చిపెట్టారు. 'కన్నుల కద్దు' (కన్నులకు అద్దు) దగ్గర యతిస్థానంలో, అంటే పాదం మొదటి అక్షరంతో పొత్తు కుదరాల్సిన చోట, ఉన్నది అకారం. 'గరము'లోని గకారానికి అదెలా చెల్లుతుంది? 'సూడ' సంగతి అంటారా, బాలవ్యాకరణం రాసిన చిన్నయసూరి ఆ సూత్రంలో 'బహుళంబుగా' అన్నాడు, అంటే మారినా మారకపోయినా సరే. ఇచ్చిన పాదం తప్పు కాదు. కానీ మీ మొదటి పాదం చాలా బాగుంది. మూడు ద్రవ్యాలూ ఒక్క పాదంలో సర్దుకున్నాయి, తే–దె యతి వెతికి తెచ్చినట్టు లేదు. ఆ పని మీకే చేతనవుతుంది.

డాలస్ ప్రవాసి:

అమెరికాలోని పెండ్లిలో నతిథు లెల్లఁ
గాకుటేలుల పాత్రకుఁ గరముఁ జాపఁ
బెరుఁగు తేనెయె చాలని బెట్టు సేసి
వరుఁడు మధుపర్కమును ద్రాగె వధువు చూడ.

ఇక్కడి పెళ్లిళ్లలో ముహూర్తానికీ విందుకూ మధ్య ఒక గంట కాక్‌టెయిల్స్‌కని కేటాయిస్తారు. అదీ కలిపిన పానీయమే, ఇదీ కలిపిన పానీయమే. 1806లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక పత్రిక కాక్‌టెయిల్‌ను సారా, పంచదార, నీళ్లు, చేదు ద్రావకం కలిపినదని నిర్వచించింది. మనవాళ్లు తీపికి తేనె వేశారు, చేదు జోలికి పోలేదు.

కొలిమిగట్టు:
యతి సంగతి ఒప్పుకుంటాను. రాత్రికి సవరిస్తాను. కానీ 'కాకుటేలు' ఏమిటి నాయనా? మనకు మాటల్లేవా? అర్థశాస్త్రంలో మేదకం, ప్రసన్న, ఆసవం, అరిష్టం, మైరేయం, మధువు అని ఆరు రకాల మద్యం చెప్పాడు కౌటిల్యుడు. మైరేయం అని రాస్తే పద్యానికి ఎంత నిండు!

తుంగభద్ర:
మైరేయం నిండుగానే ఉంటుంది, పాదం మొదట పట్టదు. పైగా ఎవరికి తెలుస్తుంది? మా ఊళ్లో కాక్‌టెయిల్ అంటే బీరు మీద విస్కీ తాగడం. "కాక్‌టెయిల్ చేయకురా, పొద్దున లేవలేవు" అంటారు. గ్లాసులో కలిపేదాన్ని 'మిక్సింగ్' అంటారు. "మిక్సింగ్‌కి ఏముంది?" అంటే నీళ్లా, సోడానా, కూల్‌డ్రింకా అని. కాబట్టి ప్రవాసి గారి మాట మన వాడుకలో ఇంకో అర్థానికి పోతుంది. ఆ తేడా పద్యంలోకి తెచ్చి ఉంటే ఇంకా బాగుండేది. షర్బత్, షరాబు (మద్యం) ఒకే అరబ్బీ ధాతువు పిల్లలు. తాగడమనే దాని అర్థం. ఒకటి ఎండాకాలం ఇంటింటా చేరింది, రెండోది గుమ్మం బయటే ఉండిపోయింది.

వేపపూత:
మా అమ్మాయి పెళ్లికి పురోహితుడు గారు రాసిచ్చిన సామగ్రి జాబితాలో 'మధుపర్కం' అని రెండుచోట్ల ఉంది. ఒకటి పొరపాటున పడిందనుకుని కొట్టేశాను. బట్టలు కొన్నాం. తీరా పీటల మీద ఆయన చెయ్యి చాపి "మధుపర్కం ఇవ్వండమ్మా" అంటే చీర చూపించాను. పెరుగు వంటవాళ్ల దగ్గర దొరికింది, తేనె విడిదింట్లో ఎవరిదో మందుల సంచిలో దొరికింది. అల్లుడి చెయ్యి వణికింది. నా పద్యంలో కల్పన ఏమీ లేదు.

చేయి వణకఁగ గిన్నెలోఁ జెదరి తేనె
పసుపు టంచుల నూలుపైఁ బడి సగమ్ము
జాఱిపోవఁగ, మిగిలిన సగము గ్రోలె
వరుఁడు, మధుపర్కమును ద్రాగె, వధువు చూడ!

తుంగభద్ర:
అమ్మా, దండం! 'వరుఁడు' దగ్గర వాక్యం తెగింది. ఆ 'ను' ద్వితీయ కాదు, సముచ్చయం, అంటే 'కూడా' అని. వరుడు తాగాడు, బట్టా తాగింది. 'త్రాగె' మనిషికీ వస్తువుకీ ఒకటే రూపం కనుక ఎక్కడా అతుకు కనిపించదు. ఇచ్చిన పాదంలో ఒక్క అక్షరం కదపలేదు, ఇది కొందరు గమనించాలి. బట్టను తాగించమంటే నిజంగా బట్టతోనే తాగించారు.

కొలిమిగట్టు:
విరుపు బాగుంది, మనసారా అంటున్నాను. అయితే ఆ 'సగం' ఎక్కడిది? రెండేళ్ల కిందట మంగళగిరి పానకాల స్వామి మీద నేను రాసిన పాదం చూడండి: "సగము పానక మొలికించె స్వామి మరల". శంఖంతో పోసిన పానకంలో సగం స్వామి పుచ్చుకుని సగం వెనక్కి ఇస్తాడన్న నమ్మకాన్ని ఈ వేదికలో ముందు పద్యం చేసింది నేనే.

తుంగభద్ర:
ఆ పాదంలో 'మరల' చోటు నింపడానికే వచ్చిందని అప్పుడే రాశాను. ఇప్పుడూ అదే మాట. ఈమె సగం అల్లుడి చేతిలోంచి ఒలికింది. రెండూ ఒకటెలా అవుతాయి?

వేపపూత:
కొలిమిగట్టు గారూ, మీ స్వామి పద్యం నాకు నోటికొచ్చు. మొన్న కొండ మీద ప్రసాదం పుచ్చుకునేటప్పుడు అదే చదువుకున్నాను. బెల్లం, మిరియం, యాలక్కాయ, చల్లటి నీళ్లు. కలిపి తాగేవాటిలో దానికి సాటి లేదు.

డాలస్ ప్రవాసి:
మధుపర్కాలకు మా వైపు ఎర్రంచు. పసుపంచు ఏ జిల్లా ఆచారమండీ?

వేపపూత:
మాకు తెల్లబట్ట తెచ్చి అంచులు పసుపునీళ్లలో ముంచుతారు. అందుకే తేనె మరక కనపడలేదు.

కొలిమిగట్టు:
మాట ఇచ్చాను కదా, సవరణ ఇదిగో: "హస్తములఁ బట్టి కన్నుల కద్దుకొనుచు". ఇప్పుడు హకారానికి అకారం చెల్లింది. తుంగభద్ర గారు చూడాలి.

తుంగభద్ర:
చూశాను. చెల్లింది. 'కరములం దెత్తి' కంటే 'పట్టి' గిన్నెకు దగ్గరగా ఉంది.

నిర్వాహకుడు:
ఈ వారం పీట వేపపూత గారిది. వచ్చే వారానికి: పానకమ్మునఁ బుడకయే ప్రాణమయ్యె.