చెరువు పోరంబోకు అభివృద్ధి ప్రణాళిక: ఎవరికి మేలు, ఎవరికి నష్టం అన్నది ముందే తేల్చడం ఎలా?

మెట్టచేను (ప్రశ్న)

అందరికీ నమస్కారం. విజయనగరం జిల్లా మెట్ట ప్రాంతంలో ఒక పంచాయతీ. చెరువుతో కలిపి 38 ఎకరాల పోరంబోకు ఉంది. దానికి అయిదేళ్ల ప్రణాళిక ముసాయిదా సిద్ధమైంది. చెరువుకు ఎగువన 14 ఎకరాలకు కంచె వేసి మొక్కలు నాటడం, గట్టు మీద నడకదారి, చేపల హక్కు వేలం, ఆక్రమణల తొలగింపు, ఇవీ పనులు. గ్రామసభకు ఆరు వారాలుంది. ఆడవాళ్లు, ఎస్సీలు, ఎస్టీలు, దివ్యాంగులు, భూమిలేని వాళ్ల మీద దీని ప్రభావం ఏమిటో చెప్పే పత్రం ఒకటి జత చేయాలి. చేతికందిన నమూనా విదేశాలది. వయసు, వైకల్యం, మతం అని గడులు, పక్కన ‘ప్రభావం ఉంది / లేదు’ అని టిక్కు. గంటలో నింపేయొచ్చు గానీ దానివల్ల ఊరికి ఒరిగేదేమీ కనబడటం లేదు. నిజంగా పనికొచ్చేలా చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

గెడ్డ ఒడ్డు

ఆ నమూనా బ్రిటన్‌ది అయ్యుంటుంది. అక్కడి 2010 సమానత్వ చట్టం తొమ్మిది లక్షణాలు చూడమంటుంది: వయసు, వైకల్యం, లింగం, లింగమార్పిడి, జాతి, మతం, వివాహం, గర్భం-కాన్పు, లైంగికత. వాళ్ల దేశానికి అది సరిపోతుంది. కానీ ఆ జాబితాలో కులం విడిగా లేదు, బతుకుతెరువు అసలే లేదు. మన చెరువు దగ్గర తేడాలొచ్చేది ఆ రెండింటి దగ్గరే.

అందుకని మనుషుల జాబితాతో కాక వాడకాల జాబితాతో మొదలుపెట్టండి. ఈ నేల మీద ఏమేం జరుగుతున్నాయో రాసుకుంటూ పోతే ఎవరెవరికి అది ఆధారమో దాని వెనకే తెలుస్తుంది. మూడు వేళల్లో నడవాలి: తెల్లారగట్ల 5 నుంచి 7 దాకా, మిట్టమధ్యాహ్నం, పొద్దు గూకే వేళ. ఒకే రోజు మూడూ కానివ్వకండి, వేర్వేరు రోజుల్లో చేయండి. పగలు పదకొండు గంటలకు ఒక్కసారి వెళ్లి ‘ఖాళీ స్థలం’ అని రాసుకొచ్చిన పత్రాలే ఎక్కువ. అదే చోట పొద్దున్నే పిడకలు ఆరేస్తుంటారు, పుల్లలు ఏరుకుంటుంటారు.

మెట్ట చెరువుల దగ్గర మామూలుగా దొరికేవి చెబుతాను, మీ జాబితాతో సరిచూసుకోండి. గేదెలు దింపే చోటు, చాకిరేవు, కుమ్మరి మట్టి తీసే గుంట, చాపలకు తుంగ కోసే పల్లం, గట్టు మీద తాటిచెట్లు (గీసేది యాత, శ్రీశయన, సెగిడి ఇళ్లవాళ్లా, ఇంకెవరైనానా), కోతలప్పుడు కల్లాలు, ఎండల్లో నీరు తగ్గాక చెరువు గర్భంలో వేసే దోస పాదులు, వలస మేకల మందలు ఆగే చోటు, శ్మశానానికి పోయే డొంక.

ఆరు వారాల్లో మీ కంటికి కనిపించేది ఒక్క ఋతువే. మిగతాది అడిగి రాసుకోవాలి. ‘జూన్‌లో ఏం చేస్తారు’ అంటే జవాబు తడుముకుంటారు. మృగశిరలో, ఊడ్పులప్పుడు, కోతలప్పుడు, సంక్రాంతి దాటాక, రోహిణి ఎండల్లో అని అడగండి, గడగడా చెబుతారు.

ప్రతి వాడకానికీ అయిదు సంగతులు రాయాలి. ఎన్ని ఇళ్లు, వాటిలో సొంత భూమి లేనివి ఎన్ని, ఆ పని చేసేది ఆడవాళ్లా మగవాళ్లా పిల్లలా, ఏ నెలల్లో, ఇది పోతే ఇంకెక్కడికి, ఎంత దూరం పోవాలి. అసలు తీర్పు ఈ ఆఖరి దానిలోనే ఉంటుంది. తుంగ కోసేవి తొమ్మిది ఇళ్లే కావచ్చు, నడకదారి కావాలనేవి రెండొందల ఇళ్లు కావచ్చు. తలలు లెక్కపెడితే తుంగ ఓడిపోతుంది. కానీ ఆ తొమ్మిది ఇళ్లకూ వేరే పల్లం లేకపోతే అది పూర్తి నష్టం. రెండొందల ఇళ్లకు నడవడానికి వేరే దారులుంటాయి.

గొలుసు లింకు

పైన చెప్పినదానికి రికార్డు వైపు నుంచి కొంత కలుపుతాను.

పాత జమీందారీ గ్రామం అయితే మూలం సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ (సెటిల్‌మెంటు నాటి భూమి రికార్డు). మీ పోరంబోకు సర్వే నంబరు అక్కడ ఏ వర్గీకరణలో ఉందో చూడండి: చెరువు పోరంబోకా, మేత పోరంబోకా, డొంకా (బండ్ల దారి), శ్మశానమా, గయాళా (సాగులో లేని బంజరు). ఇప్పటి అడంగల్లో వీటిలో చాలావరకు ‘ప్రభుత్వ భూమి’ అన్న ఒక్క మాటలో కలిసిపోయి కనిపిస్తాయి. రీసర్వే అయిన గ్రామమైతే పాత నంబర్లు ఎల్‌పీఎం (ల్యాండ్ పార్శిల్ మ్యాప్) నంబర్లుగా మారి ఉంటాయి, రెండింటినీ పక్కపక్కన రాసిన పట్టిక లేకుండా ముందుకు పోకండి. ఎఫ్‌ఎంబీ (సర్వే కొలతల పటం) నకలు తీసుకుని గ్రామ సర్వేయరుతో కలిసి హద్దు నడవండి. 38 ఎకరాల్లో నేల మీద నిజంగా మిగిలింది ఎంతో ముందు తేలాలి.

‘బీడు’, ‘గయాళు’ అని ఉన్నంత మాత్రాన ఎవరికీ అక్కర్లేని నేల అనుకోవడం ఎంత ప్రమాదమో శ్రీకాకుళం జిల్లా సోంపేట బీల చూపించింది. చేపలు, తుంగ, మేత, చుట్టూ పొలాలకు నీరు ఇచ్చే చిత్తడి నేలను పనికిరాని భూమిగా చూపి విద్యుత్ కేంద్రానికి కేటాయించారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. పర్యావరణ అనుమతిని అప్పీలు సంస్థ రద్దు చేసిందీ అదే రోజు. కాగితం మీది ఒక్క మాటను ఎవరూ నేల మీద సరిచూడకపోతే పర్యవసానం అంత దూరం పోతుంది.

ఇక ఆక్రమణల సంగతి. మీ ప్రణాళికలో అసమానతకు ఎక్కువ చోటున్నది ఇక్కడే అని నా అభిప్రాయం. ఊరుమ్మడి భూముల్లో ఆక్రమణలు తీసేయాలని సుప్రీంకోర్టు 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో చెప్పింది. అదే తీర్పులో భూమిలేని కూలీలకో ఎస్సీ, ఎస్టీలకో ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం ఇచ్చిన చోట్లకు, బడి, వైద్యశాల లాంటివి ఉన్న చోట్లకు మినహాయింపు ఉండొచ్చని కూడా ఉంది. మొదటి వాక్యం అందరికీ గుర్తుంటుంది, రెండోది పత్రాల్లోకి రాదు. కాబట్టి జాబితాలో గుడిసెలతో పాటు గర్భంలోకి జరిగిన వరి మళ్ల గట్లు కూడా సెంట్లతో సహా ఎక్కాలి. తొలి విడతలో రెండు సెంట్ల గుడిసెలు, ‘తర్వాత చూద్దాం’ అన్న విడతలో ఎకరం మళ్లు ఉంటే ఆ వరస మార్చమని పత్రంలో సూటిగా రాయండి. డి-పట్టా (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి పట్టా) ఉన్నవాళ్లను ఆక్రమణదారుల్లో కలపకండి. 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం లెక్కలో 2.5 ఎకరాల మాగాణి లేదా 5 ఎకరాల మెట్టకు మించి లేనివాళ్లు భూమిలేని నిరుపేదలు. జాబితాలో ప్రతి పేరు పక్కన ఆ వివరం ఉండాలి.

పోరంబోకులో ఏ ముక్కైనా రిజర్వు అడవిని ఆనుకుని ఉంటే 2006 అటవీ హక్కుల చట్టం కూడా చూసుకోవాలి. హక్కుల దరఖాస్తు ఒకటి నడుస్తుండగా అక్కడ కంచె వేయడం తప్పు.

మెట్టచేను

చాలా సాయం చేశారు, కృతజ్ఞతలు. అడవి ఆనుకుని లేదు. డొంక మాత్రం ఆ 14 ఎకరాల మధ్య నుంచే పోతుంది, ఎస్సీ కాలనీ శ్మశానానికి అదే దారి. ‘గేటు పెడతాం కదా’ అంటున్నారు. చేపల వేలం వల్ల పంచాయతీకి ఆదాయం వస్తుంది, అందులో నష్టపోయేది ఎవరు అని కూడా అడుగుతున్నారు.

రేవుబండ

గేటు అన్నారు కాబట్టి దాని దగ్గరే కాసేపు ఆగుదాం.

పాడె మోసేది నలుగురు, పక్కన ఇద్దరు ముగ్గురు చేయి వేస్తారు. వెడల్పు ఆరడుగులకు తగ్గితే పాడెను ఏటవాలుగా తిప్పి దూర్చాలి. కట్టెల బండి కూడా పోవాలంటే పదడుగులు. మీ అంచనాలో నాలుగడుగుల ఒంటి తలుపు గేటు రాసి ఉందేమో చూడండి, చాలా అంచనాల్లో అదే ఉంటుంది. తర్వాత తాళం. చావు రాత్రిపూట వస్తే తాళంచెవి ఎవరి ఇంట్లో ఉంది? ఆ ఇంటి తలుపు కొట్టి అడగాల్సిన స్థితి వచ్చిందంటే, నిన్నటిదాకా హక్కుగా నడిచిన దారి ఈరోజు నుంచి ఒకరి దయ మీద నడిచేది అవుతుంది. ఎస్సీ, ఎస్టీలు ఉమ్మడి వనరులను, శ్మశానాన్ని, చెరువును, దారిని ఇతరులతో సమానంగా వాడుకోకుండా అడ్డుకోవడం 1989 అత్యాచార నిరోధక చట్టం సెక్షన్ 3 కింద నేరం. 2015 సవరణ తర్వాత అది మరింత వివరంగా ఉంది. నా సలహా: గేటే వద్దు. డొంకకు రెండు పక్కలా కంచె వేసి, డొంకను పూర్తి వెడల్పుతో బయటే వదలండి. కంచె పొడవు పెరుగుతుంది, ఆ ఖర్చు అంచనాలో చేర్చండి. డబ్బు మిగల్చడానికి గేటు పెట్టామనడం కారణం కాదు.

మేత విషయం. 14 ఎకరాలూ ఒకేసారి మూసేస్తే మేకలవాళ్లు మొదటి వానాకాలమే మందలు అమ్ముకుంటారు. మొక్క మేక నోటికి అందని ఎత్తుకు చేరేదాకానే కాపలా కావాలి. మేక వెనక కాళ్ల మీద నిలబడి అందుకుంటుంది కాబట్టి ఆరడుగులు అనుకోండి. ఏడేసి ఎకరాలు రెండు ముక్కలు చేసి, మొదటిదానిలో మొక్కలు ఆ ఎత్తు దాటాకే రెండోది మూయండి. మూసిన ముక్కలో గడ్డి కోసుకుపోవడం ఆపొద్దు, కొడవలితో కోస్తే మొక్కకు నష్టం లేదు. జాతుల ఎంపికలోనూ పంపకం ఉంది. నీలగిరి, సరుగుడు వేస్తే నరికిన రోజు డబ్బు పంచాయతీకో కాంట్రాక్టరుకో పోతుంది. చింత, నేరేడు, కానుగ, వేప వేస్తే కాయ, గింజ ఏరుకునే ఆడవాళ్ల చేతికి ఏటా ఎంతో కొంత అందుతుంది. ఏరుకునే హక్కు ఎవరిదో ప్రణాళికలోనే రాయకపోతే కాయ పట్టాక అదీ వేలానికి వెళ్తుంది.

చేపల వేలంలో నష్టపోయేది ఎవరన్నారు. పాటకు ముందే మొత్తం సొమ్ము కట్టాలంటే వల పట్టుకునే ఇళ్లవాళ్లు పాటలోకే రాలేరు, పెట్టుబడి ఉన్నవాళ్లు పాడుకుని వాళ్లనే కూలికి పెట్టుకుంటారు. ఊళ్లో మత్స్యకార సంఘం ఉంటే ముందు వాళ్లతో మాట్లాడండి, సొమ్ము మూడు వాయిదాలుగా పెట్టండి. గాలం వేసుకుని కూరకు సరిపడా పట్టుకునే అలవాటు ఉంటే దాన్ని పాట షరతుల్లో మినహాయించండి. అన్నిటికన్నా ముఖ్యం నీటిమట్టం. ఎండల్లో చేప సులువుగా చిక్కాలని పాటదారు మదుము (తూము) తెరిచి నీళ్లు వదిలేస్తాడు, గేదెలకూ చాకిరేవుకూ బురద మిగులుతుంది. మదుము రాయి మీద రంగుతో గీత గీసి, నీరు ఆ గీత కిందకు దిగకూడదని ఒప్పందంలో రాయాలి. కోళ్ల పెంట మేతగా వేయకూడదన్న షరతు కూడా చేర్చండి, రేవులో దిగేవాళ్లకు దురదలొస్తాయి.

కల్లం కబురు

వాడకాల పట్టిక గురించి ఒక్క జాగ్రత్త. ఇంటి పేర్లతో కూడిన పట్టికను సచివాలయం గోడకు అంటించొద్దు. ఎవరు ఎక్కడ పుల్లలు ఏరుతున్నారో, ఎవరి గుడిసె ఎన్ని సెంట్లో రేపు వాళ్ల మీదకే తిరగొచ్చు. బయట పెట్టే ప్రతిలో ఇళ్ల సంఖ్య చాలు.

సభ సంగతి. ఒక్క గ్రామసభతో అభిప్రాయాలు వచ్చేశాయనుకోకండి. రచ్చబండ దగ్గర సభ పెడితే ఎస్సీ కాలనీ ఆడవాళ్లు అంచున నిలబడతారు, పేరు రాయించుకుని వెళ్లిపోతారు. దానికి ముందు నాలుగైదు చిన్న సమావేశాలు పెట్టాలి: కాలనీలో, చాకిరేవు దగ్గర, మేకలవాళ్లు మందలు తోలుకొచ్చాక రాత్రి ఏడున్నరకు, డ్వాక్రా సంఘం సమావేశం రోజున. వినేవాళ్లలో సర్పంచి, పెద్దలు ఉండకపోతే మంచిది. 2006 అటవీ హక్కుల చట్టం కింద జరిగే గ్రామసభకు సభ్యుల్లో సగం మంది రావాలని, వచ్చినవాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు ఉండాలని 2012 నిబంధనల్లో ఉంది. మీది అటవీ భూమి కాకపోయినా ఆ కొలత పెట్టుకుంటే తప్పులేదు.

మన ప్రాంతంలో వలస పెద్ద సంగతి. హైదరాబాదు, చెన్నై పోయినవాళ్లు సంక్రాంతికి వస్తారు. భవిష్యత్తులో ఇలాంటి సభ తేదీ మీ చేతిలో ఉంటే ఆ వారంలో పెట్టించండి. తీర గ్రామాలవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, వాళ్లకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధకాలం అనువైనది. ఈసారి మీకు ఆ వీలు లేదు కాబట్టి వలస ఇళ్లకు ఫోన్ చేసి అడిగి రాసుకోండి, ఆ ఇళ్ల అభిప్రాయం ముసలివాళ్లు చెప్పేస్తారని వదలొద్దు.

నడకదారి గురించి ఎవరూ చెప్పలేదు. గట్టెక్కే చోట మెట్లు మాత్రమే పెడితే చక్రాల కుర్చీ కిందే ఆగిపోతుంది. వాలు 12కి 1 ఉండాలి, అంటే మీటరు ఎత్తుకు 12 మీటర్ల పొడవు. బండ్లు రాకుండా అడ్డంగా దిమ్మెలు కడతారు, వాటి మధ్య 90 సెంటీమీటర్లు వదలకపోతే మోటారు సైకిలుతో పాటు కుర్చీ కూడా ఆగుతుంది. ఆ దారి రేవు మెట్ల మీదుగా పోతుంటే రేవు దగ్గర మళ్లించండి. స్నానానికి, బట్టలుతకడానికి దిగే ఆడవాళ్లు పైన నడిచేవాళ్ల చూపుకు జడిసి రేవు మానేస్తారు.

పత్రంలో ఆఖరి గడి పేరు ‘ప్రభావం’ అని కాకుండా ‘ప్రణాళికలో ఏం మార్చాం, ఏ పేజీలో’ అని పెట్టండి. ఆ గడి ఖాళీగా ఉన్న ప్రతి వరసనూ సభలో పైకి చదవాలి. మార్చలేకపోతే ఎందుకు కుదరలేదో అక్కడే రాయాలి.

మెట్టచేను

డొంక బయట వదిలే గీత ఎఫ్‌ఎంబీ మీద గీయించి అంచనా మళ్లీ వేయమని అడుగుతాను. తనిఖీ ఎప్పుడు పెట్టమంటారు? ముసాయిదాలో ఏడాది తర్వాత అని ఉంది.

గెడ్డ ఒడ్డు

ఏడాది చాలా ఆలస్యం. మేకలవాళ్ల నష్టం తెలిసేది కంచె పడ్డాక వచ్చే మొదటి మృగశిరలో, చేపల గొడవ తెలిసేది రోహిణి ఎండల్లో. ఆ రెండు కార్తెల్లోనూ వేర్వేరు రోజుల్లో, ఇప్పుడు నడిచిన మూడు వేళల్లోనే, అదే పట్టిక పట్టుకుని మళ్లీ నడవండి. మొదట రాసుకున్న ఇళ్లలో ఎన్ని ఇంకా అక్కడికి వస్తున్నాయో పక్క గడిలో రాస్తే చాలు.