షాంగో పాటల్లో భక్తులు కోరే న్యాయం ఎలాంటిది?

ప్రశ్న:
బ్రెజిల్‌లోని ఉంబాండా అనే మతం ఆరాధనల్లో షాంగో దేవుణ్ణి ఉద్దేశించి పోర్చుగీసులో పాడే పాటలను కొంతకాలంగా వింటున్నాను. కొండరాళ్ళు, పిడుగు, రెండంచుల గొడ్డలి, వీటి వెంటే న్యాయం చేయమన్న మొర చాలా పాటల్లో వినిపిస్తుంది. భక్తుడు తన శత్రువును శిక్షించమని అడుగుతున్నాడా, లేక తన తప్పొప్పులను కూడా ఆ దేవుడి విచారణకే అప్పగిస్తున్నాడా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

సమాధానం 1:
రెండోదే అని నా అభిప్రాయం. ఆ గొడ్డలి ఎదుటివాడి మీదికి ఎంత వాడిగా వెళ్తుందో, అబద్ధపు ఫిర్యాదుతో వచ్చినవాడి మీదికీ అంతే వాడిగా తిరుగుతుంది కనుక, ఆయన గడప తొక్కేముందు తన చేతులు శుభ్రంగా ఉన్నాయో లేదో భక్తుడు చూసుకోవలసి ఉంటుంది. ఇక రాళ్ళ సంగతి: పిడుగుతో పాటు షాంగో రాళ్ళను విసురుతాడని, ఆయనను మొదటినుంచీ కొలిచే పశ్చిమాఫ్రికా యొరుబా ప్రజల విశ్వాసం. నేలలో దొరికే ప్రాచీన రాతిగొడ్డళ్ళను ఆయన విసిరినవిగానే భావించి పూజిస్తారు.

సమాధానం 2:
పై మాట ఉంబాండాకు సరిపోతుంది గాని, షాంగోను కొలిచే మరో బ్రెజిల్ మతమైన కాండోంబ్లేకు అంతగా సరిపోదు. అక్కడ పాటలు ఎక్కువగా యొరుబా భాషలో ఉంటాయి. రుమ్, రుంపి, లే అనే మూడు డోళ్ళ మీద అలుజా అనే వేగమైన తాళం మోగుతుండగా, యొరుబా ప్రజల ఓయో రాజ్యాన్ని ఏలినవాడిగా చెప్పుకునే షాంగో రాజసాన్నే ప్రధానంగా కీర్తిస్తారు. న్యాయం అక్కడ పాట మాటల్లో కన్నా కొలువులో కనిపిస్తుందనవచ్చు. బ్రెజిల్ నగరమైన సాల్వడార్‌లో 1910లో వెలసిన ఇలే అషే ఓపో అఫోంజా ఆలయంలో, 1930ల నుంచి షాంగోకు 12 మంది మంత్రులు ఉన్నారు. షాంగోను ఆవాహన చేయడానికి షెరే అనే గిలకను ఆడిస్తారు. అది మోగితే రాజు సభకు వస్తున్నట్లే.

సమాధానం 3:
మొదటి సమాధానంతో నేను పూర్తిగా ఏకీభవించలేను. 1912లో బ్రెజిల్‌లోని అలగోవాస్ రాష్ట్ర రాజధాని మాసేయోలో అల్లరిమూకలు ఈ ఆరాధనా స్థలాలను ధ్వంసం చేశాయి. ఆ తరువాత అక్కడి భక్తులు డోళ్ళు లేకుండా, బయటికి వినపడకుండా గొంతు తగ్గించి ఆరాధన సాగించారు. రాష్ట్ర ప్రభుత్వం క్షమాపణ చెప్పింది 2012లో! చట్టం తమ పక్షాన లేని రోజుల్లో, పగిలిన డోళ్ళ నడుమ కూర్చుని న్యాయం కోరినవారు ముందుగా తమ తప్పులనే లెక్కపెట్టుకున్నారనడం నాకు సబబుగా తోచదు. ఆ మొరలో ఆత్మపరిశీలన కన్నా అన్యాయం చేసినవారి మీద ఫిర్యాదే బలంగా ఉండి ఉంటుంది.