2004 కెమిస్ట్రీ నోబెల్: వర్షావ్‌స్కీని వదిలేయడం న్యాయమేనా?

మొదటిబెంచీ:
కణం తనకు అక్కర్లేని ప్రోటీన్‌కి యుబిక్విటిన్ అనే 76 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్‌ని తగిలిస్తుంది. ఆ గుర్తు పడిందంటే, ప్రోటీన్లని కత్తిరించే కణ యంత్రం ప్రోటియాజోమ్‌లో ముక్కలే. ఇది కనిపెట్టినందుకు 2004లో హెర్ష్కో, సీకనోవర్, రోజ్‌లకు నోబెల్ ఇచ్చారు. అంతకుముందు 2000లో ఇదే విషయానికి అమెరికా వైద్య పరిశోధన పురస్కారం లాస్కర్ అవార్డు హెర్ష్కో, సీకనోవర్, వర్షావ్‌స్కీలకు వచ్చింది. నాలుగేళ్లలో ఏం మారిందండీ? ఇజ్రాయెల్‌లోని హైఫాలో హెర్ష్కో, సీకనోవర్ చేసిన తొలి ప్రయోగాలన్నీ కుందేలు రక్తకణాల రసంతో, టెస్ట్‌ట్యూబులో. బతికున్న కణంలోనూ ఇదే జరుగుతుందని 1984లో చూపించింది వర్షావ్‌స్కీ ల్యాబ్.

పిపెట్:
ఆ 1984 పేపర్లలో సీకనోవర్ పేరు కూడా ఉంది, చూశారా? పైగా ఇచ్చింది కెమిస్ట్రీలో, అంటే చూడాల్సింది రసాయన చర్యని ఎవరు విప్పారన్నదే. అసలు చిక్కుముడి ఏమిటంటే, ప్రోటీన్ విరిగితే శక్తి రావాలి గానీ ఖర్చు కాకూడదు. మన కడుపులో తిండి అరగడానికి ఏటీపీ (కణం శక్తి కోసం ఖర్చుపెట్టే అణువు) అక్కర్లేదు కదా. కణం లోపల మాత్రం ఏటీపీ లేకపోతే ఈ పని ఆగిపోతుందని 1953లోనే తెలుసు. ఎందుకో పాతికేళ్లు ఎవరికీ అంతుపట్టలేదు. గుర్తు తగిలించడానికే ఆ ఖర్చు అని తేలింది రోజ్‌తో కలిసి ఫిలడెల్ఫియాలో చేసిన పనిలో. ఆయన్ని తక్కువ చేయకండి.

విజయవాడ_అమ్మాయి:
నేను సైన్స్ చదవలేదు. మా నాన్నకి మల్టిపుల్ మైలోమా (ఒక రకం రక్త క్యాన్సర్), బోర్టెజోమిబ్ ఇంజెక్షన్లు పొట్ట మీద వేస్తున్నారు. అరికాళ్ల తిమ్మిర్లు తప్ప ఆయన బాగానే ఉన్నారు. ఆ మందు ఎలా పనిచేస్తుందో వెతుకుతూ ఇక్కడికొచ్చాను. ఈ నలుగురిలో దాన్ని తయారుచేసింది ఎవరు?

పిపెట్:
ఎవరూ కాదమ్మా. దాని వెనక ఉన్నది హార్వర్డ్ యూనివర్సిటీ శాస్త్రవేత్త గోల్డ్‌బర్గ్. కండరాలు కరిగిపోకుండా మందు కనిపెడదామని 1993లో కంపెనీ పెట్టారు, అది చివరికి మైలోమాకి పనికొచ్చింది. మైలోమా కణాలు యాంటీబాడీ ప్రోటీన్‌ని విపరీతంగా తయారుచేస్తాయి. ప్రోటియాజోమ్‌ని ఈ మందు ఆపేస్తే లోపల చెత్త పేరుకుపోయి చస్తాయి. అమెరికాలో 2003లో అనుమతి వచ్చింది, అంటే నోబెల్ కంటే ఏడాది ముందే. కుందేలు కణాల రసంతో ఏటీపీ ప్రయోగం 1977లో మొదలుపెట్టింది కూడా ఆయన ల్యాబే.

మొదటిబెంచీ:
సీకనోవర్ పేరు సంగతి ఒప్పుకుంటా, నేను మర్చిపోయాను. అయినా 1986లో ఈస్ట్‌లో, ప్రోటీన్ మొదటి అమైనో ఆమ్లాన్ని బట్టి దాని ఆయుష్షు ఉంటుందని చూపించింది వర్షావ్‌స్కీయే కదా!

పిపెట్:
సరే, ఒక నోబెల్ ముగ్గురికి మించి ఇవ్వరు. ఎవర్ని తీసేద్దాం?

మొదటిబెంచీ:
ఎవర్నీ వద్దు. ఆటోఫేజీకి (కణం తన భాగాల్ని తానే అరిగించుకోవడం) 2016లో ఓసుమి ఒక్కరికే మెడిసిన్ నోబెల్ ఇచ్చారుగా. వర్షావ్‌స్కీ, గోల్డ్‌బర్గ్‌లకి కలిపి అలా ఇవ్వొచ్చు.

పిపెట్:
గోల్డ్‌బర్గ్ 2023లో పోయారండీ. పోయినవాళ్లకి నోబెల్ ఇవ్వరు.